మా లిమిట్స్ కాదు

2024 చివర, వానలు వెనకపట్టి చలి ఇంకా మొదలుకాని రోజుల్లో, పార్లమెంటు కమిటీ ఒకటి విజయనగరం వచ్చింది. పోలీసు వ్యవస్థలో సంస్కరణలు ఎంతవరకు వచ్చాయి, రోడ్డు రవాణా చట్టాలు కింది స్థాయిలో ఎలా నడుస్తున్నాయి అని చూడటానికి వచ్చిన ఎంపీల బృందం అది. వాళ్ళలో చాలామందికి తెలుగు రాదు. వాళ్ళ ముందు మాట్లాడాల్సిన మనవాళ్ళకు హిందీ రాదు. ఆ రెంటికీ మధ్య కుర్చీలో కూర్చోవడానికి నన్ను పిలిచారు.

నేను విశాఖపట్నంలో ఒక కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో అనువాదకురాలిని. పుట్టి పెరిగింది బొబ్బిలి. రోజువారీ పనంతా కాగితాలతోనే. సర్క్యులర్లు, టెండర్ నోటీసులు, వార్షిక నివేదికలు ఒక భాషలోంచి ఇంకో భాషలోకి మార్చాలి. అది ట్రాన్స్‌లేషన్. మనిషి ఎదురుగా మాట్లాడుతుంటే అప్పటికప్పుడు నోటితో చెప్పేది ఇంటర్‌ప్రెటేషన్. రెండూ ఒకటే అనుకుంటారు చాలామంది. వంట గురించి రాయడం, పొయ్యి దగ్గర నిలబడి వండటం ఒకటే అన్నట్టుంటుంది నాకు ఆ మాట. కాగితం మీద పొరపాటొస్తే కొట్టేసి రాసుకోవచ్చు. నోటితో అన్నాక అన్నట్టే.

ఇందులో రకాలున్నాయి. మాట్లాడేవాళ్ళు రెండు మూడు వాక్యాలు చెప్పి ఆగితే అప్పుడు మనం అందుకుని చెప్పడం కాన్సిక్యూటివ్. వినేవాళ్ళ పక్కన కూర్చుని చెవిలో మెల్లగా చెబుతూ పోవడం విస్పరింగ్. ఏ రకమైనా ఒక నియమం మాత్రం మారదు. మాట్లాడే మనిషి ‘నేను’ అంటే మనమూ ‘నేను’ అనాలి. ‘ఈయన లారీ నడిపానంటున్నాడు’ అనకూడదు, ‘నేను లారీ నడిపాను’ అనాలి. నేతచీర కట్టుకుని, కళ్ళజోడు పెట్టుకుని, నేను ఇన్నేళ్ళుగా లారీ నడుపుతున్నానని ఎంపీల ముందు గంభీరంగా చెప్పిన రోజు నా సర్వీసులో అదొక్కటే. అది విని ఒక ఎంపీ గారు నవ్వాపుకోలేక మంచినీళ్ళ గ్లాసు అడ్డం పెట్టుకున్నారు.

చట్టం చేసేయడంతో పార్లమెంటు పని అయిపోతుందని నేనూ అనుకునేదాన్ని. చేసిన చట్టం రోడ్డు మీదకొచ్చాక ఏమైందో చూసే పని కూడా వాళ్ళదే. అందుకే ఈ కమిటీలు. ఢిల్లీలో కూర్చుని సాక్ష్యం తీసుకుంటే ప్రతి మాటా రికార్డవుతుంది. ఇలా ఊళ్ళ మీదకొచ్చినప్పుడు జరిగేది మాత్రం ఇన్‌ఫార్మల్ డిస్కషన్, అంటే అనధికార చర్చ. ఇక్కడ ఎవరేమన్నా కోర్టుకు సాక్ష్యంగా పోదు. వినడానికి వస్తారు, విని తమ నివేదిక రాసుకుంటారు.

ఆ ఏడాది వాళ్ళ ముందున్న పెద్ద ప్రశ్న డ్రైవర్లది. ప్రమాదంలో మనిషి చనిపోయి, డ్రైవరు ఎవరికీ చెప్పకుండా పారిపోతే పదేళ్ళ దాకా శిక్ష అని కొత్త చట్టంలో ఒక సెక్షను పెట్టారు. దాని మీద దేశంలో చాలాచోట్ల లారీలు ఆగాయి. ప్రభుత్వం ఆ సెక్షన్ని అమల్లోకి తేకుండా పక్కన పెట్టింది. డ్రైవర్లు అసలెందుకు పారిపోతారో డ్రైవర్ల నోటనే వింటామని కమిటీ అడిగింది. మన వైపు డ్రైవరు కావాలంటే సాలూరు కాక ఇంకెక్కడ దొరుకుతాడు? అక్కడ ఇంటికో లారీ లేకపోయినా, ఇంటికో లారీ మనిషి ఉంటాడు.

సాలూరు నుంచి సంఘం నాయకుడొకాయన ఒక డ్రైవరును వెంటబెట్టుకుని వచ్చాడు. డ్రైవరు పేరు అప్పలనాయుడు. యాభై దాటిన మనిషి, నల్లగా, గట్టిగా ఉన్నాడు. కొత్త తెల్లచొక్కా మడతలు కూడా పోలేదు. సమావేశానికి ముందు వరండాలో నాయకుడు ఆయనకు పాఠం ఒప్పజెప్పిస్తున్నాడు.

"ఒరే నాయుడూ, సెప్పింది గుర్తున్నాదా?"

"ఉన్నాది బావా. లారీలు ఆపుకోడానికి జాగా గావాల. ఫోటోలు తీసి ఏసే ఫైన్లు తగ్గించాల. పదేళ్ళ సట్టం తీసీయాల."

"అంతే. నీ సొంత గొడవ ఎత్తకు."

సొంత గొడవేమిటో నాకప్పుడు తెలియదు. నాకు ఇలా తర్ఫీదు ఇచ్చి తెచ్చిన సాక్షులంటే చిరాకు. ఒప్పజెప్పే మనిషి మాటలో ఊపిరి ఉండదు, దాన్ని ఇంకో భాషలోకి మార్చడం ఎండిన గోడకు సున్నం వేయడమే. వచ్చిన పని కనుక పోయి నా కుర్చీలో కూర్చున్నాను.

హాల్లో పొడవాటి బల్ల. ఒక చివర కమిటీ అధ్యక్షుడు, ఉత్తరాది పెద్దాయన, ఆయనకు రెండు వైపులా సభ్యులు. రెండో చివర సాక్షులు. గోడవార వరుసలో జిల్లా అధికారులు. గుమ్మం దగ్గర బందోబస్తుకు వచ్చిన పోలీసులు. ఏసీ చేసే మోతకు విస్పరింగ్ కుదరదనిపించి, నేను బల్ల మధ్యలో కూర్చుని కాన్సిక్యూటివ్ చేస్తానని చెప్పాను. అంటే అటు చెప్పింది ఇటు, ఇటు చెప్పింది అటు, గొంతెత్తి.

అప్పలనాయుడు పాఠం చక్కగా ఒప్పజెప్పాడు. నేనూ చక్కగా అనువదించాను. అందరూ తలలూపారు. ఇక అయిపోయినట్టే అనుకుంటుండగా అధ్యక్షుడు పెన్ను కింద పెట్టి అడిగాడు.

"ఇదంతా సంఘం మాట. మీకెప్పుడైనా అలాంటి ప్రమాదం జరిగిందా? పారిపోయారా?"

నేను తెలుగులో అడిగాను. నాయకుడు దగ్గాడు. అప్పలనాయుడు నాయకుడి వైపు చూశాడు, బల్ల వైపు చూశాడు, తర్వాత నా వైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాడు. అక్కడి నుంచి పాఠం లేదు.

"లోడు ఎత్తుకొని వస్తన్నాను తల్లీ. ఆ దినం సంత. ఇసకేస్తే రాలనంత జనం. ఒక మేస్త్రీ బండి మీద సందులోంచి వచ్చీసినాడు. బ్రేకు కొట్టినాను. కొట్టినా తగిలీసినాది. దిగి సూస్తే కాలు ఇరిగిపోనాది, ఊపిరి ఉన్నాది. ఎత్తుదామని వొంగినాను. ఈలోగా ఎనక నుంచి ఒకడు కర్ర తీసినాడు, ఇంకొకడు రాయి తీసినాడు. నూటెనిమిదికి ఫోను సెయ్యండ్రా అని అరిసి పరిగెట్టీసినాను."

"ఎక్కడికి?"

"స్టేషన్‌కి."

ఇక్కడ ఆ జాగా సంగతి కొంచెం చెప్పాలి. ఆ రోడ్డు మీద ప్రమాదం జరిగిన చోటుకు అటొక పోలీసు స్టేషను, ఇటొక పోలీసు స్టేషను ఉన్నాయి. పేర్లు రాయను. కొత్త జిల్లాలు ఏర్పడ్డాక ఆ రెండూ రెండు జిల్లాల్లోకి పోయాయి. ప్రమాదం జరిగిన చోటు దూరంగా ఉన్న స్టేషను హద్దుల్లోకి వస్తుంది. స్టేషను హద్దుల్ని వాళ్ళు లిమిట్స్ అంటారు. దగ్గరగా ఉన్నది పక్క జిల్లాది. అప్పలనాయుడు పరిగెత్తింది దగ్గరగా ఉన్నదానికి.

"ఆ చోటు ఎవరి లిమిట్సో తెలియకనా?" అని అడిగాడు అధ్యక్షుడు.

"తెలిసినా ఎలాగ ఎల్తాను బాబూ? రెండో స్టేషన్‌కి పోవాలంటే ఆ జనంలోంచే పోవాల. ఆళ్ళు నన్ను ముక్కలు సేసీసినాక స్టేషన్‌కి ఎల్లి ఏటి సెప్తాను?"

దీన్ని హిందీలో చెప్పేసరికి ఇందాక నవ్విన ఎంపీ గారు కూడా ముందుకు వంగారు.

"స్టేషన్లో ఏమన్నారు?"

"ఇది మా లిమిట్స్ కాదు, ఆ స్టేషన్‌కి పో అన్నారు. రాసుకోనేదు. మర్నాడు ఓనరుగారిని తీసుకొని ఆ స్టేషన్‌కి ఎల్లినాను. అప్పటికే కాయితాల్లో డ్రైవరు పరారీ అని ఎక్కీసినాది. లైసెన్సు ఆపీసినారు. ఇప్పుడు మొత్తానికే తీసీస్తామంతన్నారు."

గోడవార వరుసలో చిన్న కదలిక. ఒక సభ్యురాలు అడిగారు. "మా లిమిట్స్ కాదన్నది ఎవరు? అధికారి పేరు గుర్తుందా?"

నేను ఆ ప్రశ్న తెలుగులో చెప్పాను. అప్పలనాయుడు కళ్ళు నా మీద నుంచి జరిగి గుమ్మం దగ్గరికి పోయాయి. అక్కడ బందోబస్తులో నిలబడ్డ ఒక హెడ్ కానిస్టేబుల్ ఎటూ చూడకుండా నేలనే చూస్తున్నాడు. లావుపాటి మనిషి, నెరిసిన మీసాలు. అది క్షణం సేపే, ఎవరూ గమనించలేదు. మాట్లాడే మనిషి మొహాన్నే చూస్తూ కూర్చోవడం నా ఉద్యోగం కాబట్టి నేను గమనించాను.

"గుర్తు నేదు తల్లీ," అన్నాడు అప్పలనాయుడు.

నాకు గుర్తు లేదు అని హిందీలో చెప్పాను. అబద్ధమని నాకు తెలుసు. అబద్ధాన్ని కూడా ఉన్నదున్నట్టు చెప్పడమే మా పని.

అధ్యక్షుడు పక్కనున్న అధికారి చేత ఒక పుస్తకం తీయించి, వేలు పెట్టి చదివి, నింపాదిగా వివరించాడు. ఆయన వాక్యం వాక్యానికీ ఆగడం నాకు కలిసొచ్చింది. నేను అప్పలనాయుడి వైపు తిరిగి, ఏసీ మోత మీద నుంచి వినబడేలా, బడిపిల్లలకు చెప్పినట్టు చెప్పాను.

"మీరు చేసింది తప్పు కాదు. మోటారు వాహనాల చట్టంలో ఇది ఎప్పటి నుంచో ఉంది. దెబ్బతిన్నవాళ్ళకు వైద్యం అందేలా చూడటం డ్రైవరు బాధ్యత, కానీ జనం కోపంగా మీదకొస్తుంటే అక్కడే నిలబడి చావమని చట్టం అనదు. దగ్గర్లో ఉన్న స్టేషన్‌కి వెళ్ళి చెప్పమంటుంది. దగ్గర్లో ఉన్న స్టేషన్ అనే ఉంది, ఫలానా హద్దుల్లో ఉన్న స్టేషన్ అని లేదు. వచ్చిన మాట రాసుకుని, తర్వాత ఎవరి హద్దయితే వాళ్ళకు పంపించడం ఆ స్టేషన్ పని. కొత్త చట్టంలో అది ఇంకా స్పష్టంగా రాశారు. దాన్ని జీరో ఎఫ్ఐఆర్ అంటారు. కాబట్టి ఆ రోజు మీరు పారిపోయినవాళ్ళు కాదు. చట్టం చెప్పినట్టే చేసినవాళ్ళు."

అప్పలనాయుడు వింటూ వింటూ రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు. "మరి ఈ మాట ఇన్నాళ్ళూ నాకెవులూ సెప్పనేదేటి?" అన్నాడు. అది ప్రశ్నో ఫిర్యాదో తెలియలేదు. అలాగే హిందీలో అప్పజెప్పాను. అధ్యక్షుడు తల పంకించి, రాసుకున్నాడు.

భోజనాల వేళ నేను చేయి కడుక్కుంటుంటే ఆ హెడ్ కానిస్టేబుల్ దగ్గరికి వచ్చాడు. గుండె మీద పేరు చదివాను. సింహాచలం.

"మేడమ్ గారూ, లోపల మాటాడినవన్నీ రాసుకుంతారా? పైకి పంపుతారా?"

"నివేదికలో పేర్లుండవు. ఇది కోర్టు సాక్ష్యం కాదు. ఎవరి మీదకూ రాదు," అన్నాను.

"అమ్మయ్య," అన్నాడు. అని, రెండు అడుగులు పోయి, మళ్ళీ వెనక్కి తిరిగి, ఏదో అనబోయి మానేశాడు.

ఆ అమ్మయ్య నాకు ఒళ్ళు మండించింది. అనువాదకులు ఎవరి పక్షమూ వహించకూడదని మేము నేర్చుకున్న మొదటి పాఠం. హాలు లోపల ఆ పాఠం పాటించాను. బయట నా నోరు ఊరుకోదు. "మీకేం కాదు లెండి. అయ్యేదేదో ఆయనకే అవుతుంది," అన్నాను. సింహాచలం టోపీ సర్దుకుని గుమ్మం దగ్గరికి పోయాడు.

అప్పలనాయుడు మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి ప్లాస్టిక్ కవరులోంచి కాగితం తీశాడు. రవాణా శాఖ వాళ్ళ నోటీసు, ఇంగ్లీషులో ఉంది. ప్రమాదం చేసి, సమాచారం ఇవ్వకుండా పరారైనందుకు నీ లైసెన్సు ఎందుకు రద్దు చేయకూడదో ఫలానా తేదీన వచ్చి చెప్పుకో అని అందులో ఉంది. దాన్ని షోకాజ్ నోటీసు అంటారు. చదివి వినిపించాను.

"కేసు వేరే నడస్తన్నాది తల్లీ, తప్పెవరిదో కోర్టే తేలస్తాది. ఆ మేస్త్రీకి నయమైపోనాది, పనికి కూడా ఎల్తన్నాడు. రెండు పాల్లు ఎల్లి సూసొచ్చినాను, టీ ఇచ్చి కూకోబెట్టినాడు. నాకిప్పుడు ఈ కార్డు ఒక్కటే బెంగ. ముప్పై ఏళ్ళు లారీలో కుడేపు కూకున్న మడిసిని. ఇప్పుడు క్లీనరుగా ఎడమేపు కూకుంతన్నాను. మా అల్లుడు నడిపితే నాను దిగి టైర్లు కొట్టి సూడాల."

చివరి మాట అంటూ నవ్వాడు కానీ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. లైసెన్సు రద్దయితే ఈ వయసులో ఆయనకు ఇంకో పని రాదు, ఇంకో పేరు కూడా ఉండదు.

"ఆ రోజు నేనూ వస్తాను. కాగితం చదివి చెప్పడానికి ఒక మనిషి ఉండాలి కదా," అన్నాను. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. మా ఆఫీసులో సెలవు అడిగితే ఏం కారణం రాయాలో అంతకన్నా తెలియలేదు. సొంత పని అని రాశాను.

విచారణ రోజు రవాణా కార్యాలయం ఆవరణంతా సందడిగా ఉంది. లైసెన్సు పరీక్షకు వచ్చిన జనం మోటారుసైకిళ్ళ మీద ఎనిమిది అంకె చుట్టూ తిరుగుతున్నారు. కాళ్ళు కింద పెట్టినవాళ్ళను వెనక్కి పంపిస్తున్నారు. అప్పలనాయుడు గోడకు ఆనుకుని వాళ్ళనే చూస్తున్నాడు.

"లోపల అధికారి అడిగేది ఒక్కటే ఉంటుంది," అన్నాను. "స్టేషన్‌కి వెళ్ళానన్నావు, రుజువేది అంటాడు. చట్టం మీ పక్కనే ఉంది, అది మొన్న విన్నారు. రుజువు ఒక్కటే లేదు. ఆ పోలీసాయన పేరు చెప్పండి."

"ఎవుల పేరు?"

"నాకు కళ్ళున్నాయి నాయుడుగారూ. గుమ్మం దగ్గర నిలబడ్డాయనే కదా? పేరు సింహాచలం."

ఆయన గొంతు తగ్గించి చెప్పాడు.

"మీకు సగమే సెప్పినాను తల్లీ. ఆ దినం నాను స్టేషన్లోకి దూరేసరికి జనం ఎనకాలే వచ్చీసినారు. గేటు కాడ గోల. అప్పుడు లోపల ఆడొక్కడే ఉన్నాడు. నన్ను రైటరు గదిలోకి తోసి గొళ్ళెం ఏసినాడు. ఎవుడూ రానేదు పోండ్రా అని ఆళ్ళకి ఎదురు నిలబడినాడు. ఆడి సొక్కా పట్టుకొని లాగినారు కూడాను. ఆళ్ళు ఎల్లిపోనాక నాకు మంచినీళ్ళిచ్చి, ఇది మా లిమిట్స్ కాదు, ఎనక గోడ కాడ నుంచి ఎల్లిపో, రేపు మీ ఓనరుతో ఆ స్టేషన్‌కి పో అని పంపీసినాడు. ఆడు రాయనేదు, నిజమే. గాని ఆడు నేకపోతే ఈ పాటికి నా బొమ్మకి దండేసీసుందురు. ఇప్పుడు ఆడి పేరు సెప్పి ఆడి ఉద్యోగానికి ఎసరు పెట్టమంటారేటి?"

నేను మొన్న చూసిన చూపులో భయం ఉందనుకున్నాను. అందులో ఉన్నది వేరు. రాసుకోనందుకు ఆ పోలీసు మీద నాకున్న కోపం ఎటు పోయిందో తెలియలేదు గానీ, దాని చోట ఇంకా పెద్ద చిక్కు వచ్చి కూర్చుంది. ఈయన పేరు చెబితే ప్రాణం కాపాడినవాడి మీదకొస్తుంది. చెప్పకపోతే లైసెన్సు పోతుంది. రెండూ న్యాయం కాదు.

లోపలికి పిలిచారు. అధికారి ఓపిక ఉన్న మనిషే. అప్పలనాయుడు జరిగిందంతా చెప్పాడు, గొళ్ళెం సంగతి తప్ప. దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్ళమని చట్టంలో ఉన్న మాట నేను ఎత్తాను. అధికారి ఔనన్నాడు.

"సెక్షను నాకూ తెలుసమ్మా. నిజంగా దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్ళి చెప్పి ఉంటే ఈయన పరారైనట్టు కాదు. కానీ వెళ్ళాడని ఎవరు చెబుతారు? ఆ స్టేషన్లో రాసి లేదు. రెండో స్టేషన్ వాళ్ళు పరారీ అని పంపారు. నా ముందున్న కాగితం చూసి నేను ఆర్డరు ఇవ్వాలి. స్టేషన్లో ఎవర్ని కలిశావు నాయుడూ?"

"గుర్తు నేదు సార్."

నేను కళ్ళు మూసుకున్నాను. అధికారి నిట్టూర్చి, పెన్ను మూత తీశాడు. అంతలో అటెండరు తలుపు తోసి, ఎవరో హెడ్ కానిస్టేబులంట, ఈ కేసు గురించే చెప్పాలంట అన్నాడు.

లోపలికి వచ్చిన మనిషిని నేను వెంటనే పోల్చుకోలేదు. గళ్ళ చొక్కా, మామూలు ప్యాంటు. టోపీ లేకపోతే బట్టతల. మీసాలు చూశాక గుర్తుపట్టాను.

"నా పేరు సింహాచలం సార్. ఫలానా స్టేషన్లో హెడ్ కానిస్టేబుల్‌ని. ఇవేళ లీవు పెట్టి వచ్చినాను. ఆ దినం ఈయన నా కాడికే వచ్చినాడు. ఏక్సిడెంటు సేసినాను, రాసుకోండి అన్నాడు. నానే రాయనేదు. మా లిమిట్స్ కాదని పంపీసినాను."

అధికారి అప్పలనాయుడి వైపు తిరిగాడు. "ఈయన నీకు తెలుసా?"

అప్పలనాయుడు తల వంచుకున్నాడు. "గుర్తు నేదు సార్," అన్నాడు మళ్ళీ.

"నీకు గుర్తు నేకపోతే పోనీరా నాయుడూ," అన్నాడు సింహాచలం. "నాకు గుర్తున్నాది."

అధికారి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, నవ్వాపుకోలేకపోయాడు. సర్వీసులో చాలామంది అబద్ధాలు విన్నాను గానీ, తన లైసెన్సు పోతుందని తెలిసీ చెప్పే అబద్ధం ఇదే మొదలు అన్నాడు. తర్వాత మొహం మార్చి సింహాచలాన్ని అడిగాడు.

"రాసిస్తావా? రాసిస్తే నీ పై ఆఫీసరు సంజాయిషీ అడుగుతాడు. తెలిసే వచ్చావా?"

"తెలిసే వచ్చినాను సార్. మా ఎస్సైగారికి సెప్పే వచ్చినాను."

సింహాచలం కాగితం అందుకున్నాడు. రాసి, సంతకం పెట్టి, అధికారికి ఇచ్చాడు. అధికారి చదివి, ఆర్డరు పోస్టులో వస్తుంది, బెంగ పెట్టుకోకుండా ఇంటికి పో అని అప్పలనాయుడితో చెప్పాడు. ఆ మాటతో అప్పలనాయుడు కుర్చీలోకి జారిపోయాడు. నా మనసు ఎంత తేలికపడిందంటే, అక్కడే ఎనిమిది అంకె చుట్టూ బండి నడిపేయమన్నా నడిపేసేదాన్ని. నాకు సైకిలు కూడా రాదు.

బయట టీ బడ్డీ దగ్గర ముగ్గురం నిలబడ్డాం. అప్పలనాయుడే గ్లాసు పెట్టి అడిగాడు.

"ఎందుకొచ్చినావు? నీ పేరు నాను సెప్పనేదు కదా."

"సెప్పనేదు గనకే వచ్చినాను. తేదీ ఈ ఆఫీసులోనే అడిగి కనుక్కున్నాను," అన్నాడు సింహాచలం. కాస్త ఆగి నా వైపు చూశాడు. "ఆ దినం మీటింగులో మీరు ఈయనకి తెలుగులో సెప్పినారు కదా మేడమ్. దగ్గర స్టేషన్ అని సట్టంలో ఉన్నాది, రాసుకోడం ఆ స్టేషన్ పని అని. నాను గుమ్మం కాడ నిలబడి ఇన్నాను. ఇరవై ఏళ్ళకి పైగా మా లిమిట్స్ కాదు అని సెప్పి పంపతన్నాను. నాకు నా పైవోళ్ళు నేర్పింది అదే. ఈ జీరో ఎఫ్ఐఆర్ గురించి ట్రైనింగులో సెప్పే ఉంటారు, తెరమీద ఇంగ్లీషు రాతలు ఏసి సూపించినారు, నా బుర్రకి ఎక్కనేదు. మీరు సెప్పినాక ఎక్కినాది."

"మరి నా దగ్గరికొచ్చి అమ్మయ్య అన్నారెందుకు?" అని అడిగేశాను. అడగకుండా ఉండలేను.

ఆయన ఇబ్బందిగా నవ్వాడు. "భయం మేడమ్. ఉద్యోగం కదా. ఆ మాట అనీసినాను గాని, ఇంటికెల్లినాక నిద్ర పట్టనేదు. జనం కొడతారని నానే లోపలెట్టినాను. ఎనక గోడ కాడ నుంచి నానే పంపినాను. నాను పంపిన మడిసి పారిపోయినోడు ఎలాగవతాడు?"

అప్పలనాయుడు ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. టీ ఎవరు ఇప్పించాలన్న దాని మీద ఇద్దరూ వాదించుకుంటుంటే, నేను బస్సు వేళైందని బయల్దేరాను.

కొన్నాళ్ళకు అప్పలనాయుడు ఫోను చేశాడు. "వచ్చీసినాది తల్లీ," అన్నాడు. ఏమిటని నేను అడగలేదు. వెనక ఇంజను మోత వినిపిస్తోంది. లారీ నడుపుతూ ఫోనేమిటని కేకలేస్తే, ఆపే చేశానని ఒట్టేశాడు. సింహాచలానికి మెమో ఇచ్చి, సంజాయిషీ తీసుకుని, హెచ్చరించి వదిలేశారని కూడా చెప్పాడు. అది విన్నాక నాకు నిజంగా నెమ్మదించింది. ఒకరికి మేలు జరగడం కోసం ఇంకొకరు నష్టపోయి ఉంటే ఈ సంగతి ఇంత సంతోషంగా రాయగలిగేదాన్ని కాదు.

కమిటీ నివేదిక కూడా వచ్చింది. ప్రమాదం గురించి చెప్పడానికి ఏ స్టేషన్‌కి వచ్చిన డ్రైవరునైనా హద్దుల పేరుతో వెనక్కి పంపకూడదని, వచ్చినట్టు అక్కడే రాసి ఇవ్వాలని అందులో సిఫారసు ఉంది. దాన్ని ఎవరు ఎంతవరకు పాటిస్తారో చూడాలి. ఆ పేరాను హిందీలోంచి తెలుగులోకి మార్చే పని నాకు పడలేదు గానీ, పడకపోయినా నా తృప్తి కోసం ఒకసారి మార్చి చూసుకున్నాను.

ఇప్పుడు మా ఆఫీసుకు కొత్తగా వచ్చేవాళ్ళకు నేను పని నేర్పాలి. ఎవరి కోసం అనువదిస్తున్నారో ఆ మనిషి మొహం చూస్తూ చెప్పండి, మిగతావాళ్ళ గురించి ఆలోచించకండి అని మా సీనియర్లు నాకు నేర్పారు. అందులో మొదటి సగమే నేను నేర్పుతున్నాను. ఆ రోజు నేను ఒక్క డ్రైవరు కోసమే గొంతెత్తాను. తమ చట్టాన్ని తమ మాటలో మొదటిసారి వింటున్న మనుషులు ఆ హాల్లో ఇద్దరున్నారు.